ఊరి చిత్రకారుడికి మ్యూజియం: బొమ్మలు ఎవరివి, హక్కులు ఎవరివి, చూసుకునేది ఎవరు?

తిరుపతిలో ఫ్లెక్సీలు రాకముందు ఏ వీధిలో బోర్డు చూసినా, రాసిన చెయ్యి ఎవరిదో ఆ వీధివాళ్లకు తెలిసేది. గాంధీ రోడ్డులో బట్టల అంగడి మీద పసుపు అక్షరాలకు ఎర్ర నీడ, సినిమా హాలు ముందు ఇరవై అడుగుల కటౌట్, సత్రం గోడ మీద ఏడు కొండలు, లారీ వెనక శంఖుచక్రాలు. ఇవి రాసినవాళ్లలో ఎక్కువమంది ఆర్ట్ కాలేజీ గడప తొక్కలేదు. చిన్నతనంలోనే బ్రష్షులు కడగడానికి చేరి, పత్రికల్లో బొమ్మల మీద గళ్లు గీసి వాటిని పెద్దవి చేస్తూ చెయ్యి తిప్పుకున్నారు. పగలు బోర్డులు రాసి, రాత్రి ఇంట్లో తమకోసం బొమ్మలు వేసుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

ఆ తరం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. సంతాప సభలో ఎవరో ఒకరు లేచి, "ఆయన ఇంటినే మ్యూజియం చేద్దాం" అంటారు. అందరూ సరేనంటారు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నదే. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి పెద్దకొడుకు ఒకటి చెబుతాడు, కూతురు "నన్నెవరు అడిగారు?" అంటుంది, బొమ్మలు మిద్దె మీది గదిలో అట్టపెట్టెల్లోనే ఉంటాయి. చెడ్డవాళ్లు ఎవరూ లేకుండానే పని ఆగిపోతుంది. ఎందుకాగుతుందో విడివిడిగా చూస్తే తప్ప అర్థం కాదు.

చెప్పుకోవడానికి వీలుగా ఒక పెద్దాయనను ఊహించుకుందాం. తిరుపతి కోర్లగుంటలో కాపురం. నలభై ఏళ్లు బోర్డులు రాశాడు. 2021లో పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఇంట్లో మూడు వందల దాకా బొమ్మలు. ఈయన కల్పితం. ఈయన చుట్టూ వచ్చే చిక్కులు మాత్రం నిజమైనవి.

గురువు లేనివాడు అంటే ఎవరు?

"స్వయంగా నేర్చుకున్న చిత్రకారుడు" అనగానే మనకు ఏకలవ్యుడు గుర్తొస్తాడు. అయితే ఏకలవ్యుడికీ ఎదురుగా ఒక మట్టిబొమ్మ ఉంది, దూరం నుంచైనా చూసిన విద్య ఉంది. ఏమీ చూడకుండా, ఎవరినీ అనుసరించకుండా బొమ్మ వేసినవాడు ఎక్కడా దొరకడు. కాబట్టి ఈ మాటకు అర్థం ఒకటే: చిత్రకళ నేర్పే సంస్థలో చేరి, క్రమంగా పాఠం చెప్పించుకోనివాడు.

దీన్ని సంప్రదాయ కళతో కలిపేయకూడదు. మనకు ముప్పై ఏడు కిలోమీటర్ల దూరంలోనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడ కలంకారీ వేసేవాళ్లు కాలేజీకి పోకపోవచ్చు, కానీ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టడం దగ్గర నుంచి, ఇనుప తుప్పూ బెల్లమూ పులియబెట్టి నలుపు తీయడం దాకా ప్రతిదీ తండ్రి దగ్గరో గురువు దగ్గరో నేర్చుకున్న విద్య. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారిది అలాంటి వారసత్వమే. అది బడిలేని చదువు కాదు, ఇల్లే బడి అయిన చదువు.

ఇంకో వైపు దామెర్ల రామారావు ఉన్నారు. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట గ్యాలరీ ఉంది. తెలుగు నేల మీద ఒకే చిత్రకారుడి పేరుతో నిలిచిన చోటు అనగానే ముందు గుర్తొచ్చేది అదే. కానీ ఆయన శిక్షణ పొందిన చిత్రకారుడు.

మన పెద్దాయన ఈ రెంటి మధ్యా ఉంటాడు. ఇలాంటివాళ్ల కళకు పాశ్చాత్యులు రకరకాల పేర్లు పెట్టారు. 1940లలో ఫ్రెంచి చిత్రకారుడు జాన్ దుబుఫే "ఆర్ట్ బ్రూ" అన్నాడు. 1972లో రోజర్ కార్డినల్ "అవుట్‌సైడర్ ఆర్ట్" అన్నాడు. ఈ పేర్ల వల్లే ఎవరూ పట్టించుకోని మనుషుల బొమ్మలు గోడకెక్కాయని కొందరు అంటారు. ఒకడిని బయటివాడని పిలిచి లోపలికి రానిచ్చినట్టు నటించడమేనని మరికొందరు అంటారు. నాకు రెండో మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా ఏ చిత్రకళాశాలలోనూ చదవలేదు. అరవై దాటాక మొదలుపెట్టి రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు. ఆయన్ను ఎవరూ బయటివాడు అనరు. మనిషి ఇంటిపేరూ కులమూ చదువూ చూసి మారే మాట, బొమ్మ గురించి ఏం చెబుతుంది?

నీళ్ల కోసం జనం వచ్చే ఊళ్లో నికిఫోర్

తిరుపతితో పోల్చి చూడటానికి పోలండ్‌లోని క్రినిత్సా కంటే దగ్గరి ఊరు నాకు కనిపించలేదు. కొండల నడుమ చిన్న ఊరు. అక్కడి ఊట నీళ్లు తాగితే ఆరోగ్యం బాగుపడుతుందని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వచ్చి, కొన్నాళ్లుండి, గుర్తుగా ఏదైనా కొనుక్కుని పోతారు. మన దగ్గర దేవుడి కోసం వస్తారు, అక్కడ నీళ్ల కోసం.

ఆ ఊళ్లో 1895లో ఒక నిరుపేద తల్లికి నికిఫోర్ పుట్టాడు. లెమ్కో అనే చిన్న జాతివాడు. మాట సరిగా వచ్చేది కాదు, అక్షరాలూ అంతంతే. రోడ్డు పక్కన గోడ మీద కూర్చుని, దొరికిన కాగితం ముక్క మీద, సిగరెట్టు పెట్టె అట్ట మీద, నోటుపుస్తకం పేజీ మీద నీటిరంగులతో బొమ్మలు వేసి, వచ్చేపోయేవాళ్లకు అమ్మేవాడు. చర్చీలు, రైలు స్టేషన్లు, కొండల మధ్య ఇళ్లు, అప్పుడప్పుడు బిషప్పు వేషంలో తన రూపమే. 1947లో ప్రభుత్వం లెమ్కోలను ఆ ప్రాంతం నుంచి బలవంతంగా తరలించింది. నికిఫోర్‌నూ పంపేశారు. ఆయన తిరిగి వచ్చాడు, మళ్లీ పంపితే మళ్లీ వచ్చాడు. చివరికి ఊరు ఆయన్ను ఉండనిచ్చింది. 1968లో చనిపోయాడు. 1995లో రొమానూవ్కా అనే పాత చెక్క భవనంలో ఆయన మ్యూజియం తెరిచారు. ప్రాంతీయ మ్యూజియానికి శాఖగా నడుస్తుంది.

ఆయన బతికున్నప్పుడు ఒక బొమ్మ భోజనం ఖరీదుకు పోయేది. కొన్నవాళ్లు వేరే ఊళ్లవాళ్లు. ఎవరు ఏది తీసుకెళ్లారో లెక్క లేదు. పదుల వేల బొమ్మలు వేశాడని చెబుతారు. అవి దేశమంతా చెదిరిపోయాయి. ధర పెరిగాక నకిలీలు పుట్టుకొచ్చాయి. పేరూ తగాదా అయింది. అధికారులు ఆయనకు ఊరి పేరునే ఇంటిపేరు చేసి నికిఫోర్ క్రినిత్స్కి అని కాగితాలిచ్చారు. లెమ్కోలు కోర్టుకెళ్లి, అసలు పేరు ఎపిఫనియుష్ ద్రోవ్న్యాక్ అని 2003లో తేల్పించారు. చనిపోయిన ముప్పై అయిదేళ్లకు మనిషికి తన పేరు తనకు దక్కింది.

జార్జియాలో పిరోస్మానీది ఇంకో రకం. టిబిలిసీ నగరంలో సారాయి కొట్లకు బోర్డులు రాస్తూ, నల్లటి మైనపు గుడ్డ మీద బొమ్మలు వేస్తూ బతికి 1918లో పోయాడు. మన బోర్డు ఆర్టిస్టులకు స్వయానా అన్న. ఆయన సొంతూరు మిర్జానీలో మ్యూజియం ఉంది, కానీ ముఖ్యమైన బొమ్మలు చాలావరకు రాజధానిలోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఊరికి ఇల్లు మిగిలింది, నగరానికి బొమ్మలు చేరాయి. ఇది న్యాయమా అన్న ప్రశ్న మన పెద్దాయన విషయంలోనూ వస్తుంది. హైదరాబాదుకో చెన్నైకో పంపితే జాగ్రత్తగా ఉంటాయి, పండితులు చూస్తారు అన్నది ఒక వాదన. ఆయన రాసిన సత్రమూ, టీ అంగడీ తెలిసిన మనుషుల మధ్య ఉంటేనే ఆ బొమ్మలకు అర్థం అన్నది ఇంకొకటి. పెద్ద మ్యూజియంలో మన పెద్దాయన బొమ్మల్లో నాలుగు గోడకెక్కి, మిగతావి గోదాములో చేరే అవకాశమే ఎక్కువ. గోదాములో పురుగు పట్టకపోవచ్చు. మనవడు మాత్రం చూడలేడు.

గ్యాలరీ, స్మారకం, మ్యూజియం

మూడూ ఒకటే అనుకుని మొదలుపెట్టడం మామూలు. గ్యాలరీలో ముఖ్యం ప్రదర్శన, చాలాచోట్ల అమ్మకం కూడా. స్మారకంలో మనిషి ముఖ్యం: కళ్లజోడు, కుర్చీ, ఫొటో. మ్యూజియం విషయంలో అంతర్జాతీయ మ్యూజియాల మండలి 2022లో కొత్త నిర్వచనం చెప్పింది. దాని సారం: లాభం కోసం కాకుండా శాశ్వతంగా నడిచే సంస్థ, అది పరిశోధిస్తుంది, సేకరిస్తుంది, కాపాడుతుంది, వివరిస్తుంది, ప్రదర్శిస్తుంది. అయిదు పనుల్లో ప్రదర్శన ఒకటి మాత్రమే. సంతాప సభలో మనం మాట్లాడేది సాధారణంగా ఆ ఒక్కదాని గురించే.

ప్రభుత్వం దానంతట అదే వచ్చి కాపాడుతుందనుకోవడానికీ లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే వందేళ్లు నిండాలి. వందేళ్లు నిండని చిత్రాలకు "కళానిధి" అనే మరో తరగతి ఉంది కానీ దానికి కేంద్ర ప్రభుత్వం పేరుపెట్టి ప్రకటించాలి; రవివర్మ, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ వంటి కొద్దిమందికే ఆ గౌరవం దక్కింది. చంద్రగిరి కోటలో రాజమహల్‌ను పురావస్తు శాఖ చూసుకుంటుంది. కోర్లగుంట ఇంటికి ఆ నీడ రాదు.

బొమ్మ ఒకరిది, హక్కు ఇంకొకరిది

అసలు ముడి ఇక్కడుంది. బొమ్మ ఒక వస్తువు. దాన్ని అచ్చువేసే, క్యాలెండరుగా, పుస్తకంగా, టీషర్టుగా చేసే హక్కు వేరు; అది కాపీరైట్. బొమ్మ కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి జీవితకాలమూ, చనిపోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. మన పెద్దాయన 2021లో పోయాడు కాబట్టి లెక్క 2022 జనవరి 1న మొదలై 2081 డిసెంబరు 31న ముగుస్తుంది.

ఆయన నాలుగు బొమ్మలు తీసుకుందాం.

మొదటిది, రాత్రిపూట తనకోసం వేసుకున్న స్వర్ణముఖి ఒడ్డు. బొమ్మా హక్కూ రెండూ వారసులవే.

రెండోది, వేసి అంగట్లో తగిలిస్తే ఒక యాత్రికుడు చూసి కొనుక్కుపోయిన వేంకటేశ్వరస్వామి. బొమ్మ ఆ యాత్రికుడిది, ఏ షోలాపూర్‌లోనో పూజగదిలో ఉంటుంది. కాపీరైట్ మాత్రం వారసులదే. మ్యూజియం వాళ్లు దాని ఫొటో సంపాదించి పుస్తకంలో వేసుకోవాలంటే కుటుంబం అనుమతి చాలు; అసలు బొమ్మ గోడకు కావాలంటే యాత్రికుణ్ని అడగాలి.

మూడోది, ఒక వ్యాపారి డబ్బిచ్చి "మా నాన్న పటం వేసిపెట్టు" అని వేయించుకున్నది. ఇక్కడ చాలామంది పొరబడతారు. డబ్బు తీసుకుని ఇంకొకరు అడిగిన మీదట వేసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి నుంచీ వేయించుకున్నవాడిదే. సెక్షన్ 17లో ఆ మాట ఉంది. నలభై ఏళ్లు ఆర్డర్ల మీదే బతికిన మనిషి బొమ్మల్లో ఎన్నింటికి కుటుంబం చేతిలో హక్కు ఉంటుందో ఆలోచించండి. ఒప్పందం రాసుకున్న బోర్డు ఆర్టిస్టును నేను చూడలేదు. అడ్వాన్సు చీటీ మీద కొలత, రేటు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

నాలుగోది, సత్రం గోడ మీద వేసిన దశావతారాలు. గోడ సత్రానిది, కదిలించలేం. రేపు సున్నం కొడతామంటే ఆపగలమా? సెక్షన్ 57 చిత్రకారుడికి ఒక నైతిక హక్కు ఇస్తుంది: ఇది నేను వేసిందని చెప్పుకోవడం, తన పేరు చెడేలా బొమ్మను వికృతం చేస్తే అడ్డుపడటం. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తీసి పాడుచేశారు. ఢిల్లీ హైకోర్టు 2005లో మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇమ్మని, అయిదు లక్షలు పరిహారం కట్టమని చెప్పింది. అదే కోర్టు 2019లో ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ కూల్చివేత విషయంలో ఆర్కిటెక్టు రాజ్ రేవల్ వాదనను ఒప్పుకోలేదు. తన స్థలంలోని కట్టడాన్ని కూల్చే హక్కు యజమానికి ఉందంది. ఒకటి శిల్పం, ఇంకొకటి భవనం కాబట్టి రెంటినీ ఒకే గాటన కట్టలేం. సత్రం గోడ బొమ్మ ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉంది. సత్రం వాళ్ల వైపు నుంచీ చూడాలి: గోడ చెమ్మ పట్టి పెచ్చులూడుతుంటే, యాత్రికులు పడుకునే హాలును వాళ్లు బాగుచేసుకోక ఏం చేస్తారు?

ఇదే సెక్షన్‌లో ఇంకో వివరణ ఉంది. బొమ్మను ప్రదర్శించకపోవడం, లేదా చిత్రకారుడికి నచ్చినట్టు ప్రదర్శించకపోవడం హక్కు భంగం కాదు. అంటే బొమ్మ ఇచ్చేశాక, "మా నాన్నది ముందు గదిలో పెట్టలేదు" అని కుటుంబం కోర్టుకు పోవడానికి ఈ చట్టం సాయపడదు. అలా పెట్టాలని ఉంటే ఇచ్చేటప్పుడే రాసుకోవాలి.

నలుగురు వారసులు, ఒక ఇల్లు

వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెద్దాయన స్వార్జితం భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా, తలా పావు వంతు వస్తుంది. పెద్దాయనను కన్న తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా. పెళ్లయిపోయిందని కూతురి వాటా తగ్గదు. మూడు వందల బొమ్మల్లో ప్రతిదాంట్లోనూ నలుగురికీ భాగం ఉంది, కాపీరైట్‌లోనూ అంతే. సభలో పెద్దకొడుకు మైకు పట్టుకుని "అన్నీ ఊరికి ఇచ్చేస్తున్నాం" అంటే, చెన్నైలో ఉన్న చెల్లెల్ని ఆ మాట కట్టిపడేయదు.

ఇవ్వడంలోనూ రకాలున్నాయి. బొమ్మల వంటి చరాస్తిని చేతికి అప్పగించినా దానం చెల్లుతుంది. ఇల్లు ఇవ్వాలంటే రిజిస్టర్ అయిన దానపత్రం, ఇద్దరు సాక్షులు ఉండాలి. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం అయిదేళ్లకే అనుకుంటుంది. శాశ్వతంగా ఇవ్వకుండా "మీ దగ్గర ఉంచండి, కావాలంటే తీసుకుంటాం" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే, తండ్రి బొమ్మలు ఎవరి చేతుల్లో పెడుతున్నామో అని. కానీ నడిపేవాళ్లకు ఎరువుల సొమ్ము బరువుల చేటే. ఫ్రేము కట్టించాలా, ఖర్చుపెట్టి బాగుచేయించాలా, రేపు తీసుకుపోతే ఏం చేయాలి అన్న సందేహంతోనే ఏళ్లు గడుస్తాయి.

ట్రస్టా, సొసైటీయా, సర్కారా?

పబ్లిక్ ట్రస్టు అయితే దస్తావేజులో రాసిన లక్ష్యం మారదు, ట్రస్టీలు ఆస్తిని సొంతానికి వాడుకోలేరు. కుటుంబం ట్రస్టీలుగా ఉండవచ్చు. ఇబ్బంది ఏమిటంటే ఒక్క తరం ఉత్సాహం అయిపోయాక తలుపు తీసేవాళ్లు ఉండరు. 2001 నాటి రాష్ట్ర చట్టం కింద సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఎన్నికలు, సర్వసభ్య సమావేశాలు ఉంటాయి, ఊరి చెయ్యి పడుతుంది, దానితోపాటు ఊరి వర్గాలూ వస్తాయి. మున్సిపాలిటీకో ప్రభుత్వ శాఖకో అప్పగిస్తే జీతం ఇచ్చే మనిషి ఉంటాడు, ఆ మనిషికి ఈ బొమ్మల మీద ప్రేమ ఉంటుందన్న హామీ లేదు. ట్రస్టుకూ సొసైటీకీ ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు కొంత మినహాయింపు దొరుకుతుంది. నగదుగా రెండు వేలు దాటి ఇచ్చినదానికి దొరకదు.

ఎనామిల్ రంగు, హార్డ్‌బోర్డు, నవంబరు వాన

ఆర్ట్ కాలేజీలో చదివినవాడు ఏ రంగు ఎన్నేళ్లు ఆగుతుందో పాఠంగా విని ఉంటాడు. మన పెద్దాయన చేతికి అందింది వాడాడు. బోర్డుకు మిగిలిన ఎనామిల్, పిల్లల పోస్టర్ కలర్లు, క్యాలెండరు వెనకవైపు, హార్డ్‌బోర్డు ముక్క, రేకు. ఆయన గొప్పతనమూ అక్కడే, కాపాడేవాడి కష్టమూ అక్కడే. ఎనామిల్ మందంగా పడ్డచోట పగుళ్లిస్తుంది. రేకు తుప్పుపట్టి రంగును లోపలి నుంచి లేపుతుంది. హార్డ్‌బోర్డు చెమ్మకు ఉబ్బుతుంది. పోస్టర్ కలర్ మీద తడి చెయ్యి పడితే బొమ్మ చేతికే వచ్చేస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచిన రోజులు చూసినవాళ్లకు, నేల అంతస్తులో అట్టపెట్టె అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

వెలుతురు చేసే హాని మెల్లగా జరుగుతుంది, అందుకే కనబడదు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. కాగితం మీది నీటిరంగులకు 50 లక్సులు, తైలవర్ణాలకు 200 లక్సుల లోపు వెలుతురు చాలని మ్యూజియాల్లో సాధారణంగా పాటించే లెక్క. ఒక బొమ్మను 50 లక్సుల కింద రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పెడితే 1,20,000 లక్సు గంటలు. అదే బొమ్మను కిటికీ పక్కన 1,000 లక్సుల వెలుతురులో పెడితే 24,00,000. అంటే కిటికీ పక్క ఒక్క ఏడాది, లోపలి గదిలో ఇరవై ఏళ్లతో సమానం. వెలిసిన రంగును ఏ నిపుణుడూ వెనక్కి తేలేడు.

ప్రేమతో చేసే నష్టాలు ఇంకా బాధ పెడతాయి. పాతబడిందని బొమ్మను లామినేషన్ చేయిస్తారు. ఆ వేడికి రంగు ప్లాస్టిక్‌కు అతుక్కుని ఇక విడదు. చినిగినచోట సెల్లోటేపు వేస్తారు. అయిదేళ్లకు గోధుమరంగు చార మిగులుతుంది. పోయిన ముక్కును పెద్దాయన శిష్యుడే కొత్త రంగుతో దిద్దుతాడు, అది ఇక ఇద్దరి బొమ్మ. లక్నోలో జాతీయ పరిరక్షణ ప్రయోగశాల, మైసూరులో దాని శాఖ, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ విభాగం ఉన్నాయి. చాలా కుటుంబాలకు ఈ సంగతి లామినేషన్ అయ్యాక తెలుస్తుంది.

దేవుడి బొమ్మ ముందు చెప్పులు విడవాలా?

ఇది వేరే ఊళ్లలో ఇంత గట్టిగా రాని ప్రశ్న. మన పెద్దాయన బొమ్మల్లో సగం స్వామివే ఉంటాయి. మ్యూజియంలో పెట్టిన మర్నాడే ఎవరో గాజు మీద కుంకుమ పెడతారు, ఇంకెవరో అగరొత్తులు గుచ్చుతారు. అగరొత్తి పొగ, కర్పూరం మసి రంగుల మీద జిగటగా పేరుకుంటాయి కాబట్టి పరిరక్షకులు వద్దంటారు. వాళ్ల మాట సరైనదే. కానీ ఆ బొమ్మను పెద్దాయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కళ్లు చివర్న తెరిపించి వేశాడు. దాన్ని కళాఖండం అని మాత్రమే చూడమంటే ఆయన వేసినదాంట్లో సగం వదిలేసినట్టే. కొన్నిచోట్ల చిత్రకారుడి ఫొటోకు దండ, దీపం వేరే గదిలో పెట్టి బొమ్మల గదిని విడిగా ఉంచుతారు. చెప్పులు బయట విడవమనడం వల్ల దుమ్మూ తగ్గుతుంది, భక్తులకూ ఊరట. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలకూ ఒకే ఏర్పాటు సరిపోతుంది.

కొండకు పోయేవాళ్లు ఇక్కడ ఆగుతారా?

రోజూ వేలల్లో జనం వచ్చే ఊళ్లో మ్యూజియానికి జనం ఎందుకు రారు అంటారు. యాత్రికుడికి దర్శనం టైము ఉంటుంది, తిరుగు రైలు ఉంటుంది, మిగిలిన గంటలో అలివేలుమంగాపురం. కోర్లగుంట సందు ఆయన దారిలో లేదు. రోజుకు 30 మంది, టికెట్టు 20 రూపాయలు, ఏడాదికి 300 రోజులు అనుకున్నా వచ్చేది 1,80,000. తలుపు తీసే మనిషికి నెలకు 12,000 ఇస్తే 1,44,000 అక్కడే పోతుంది. మిగిలిన 36,000లో కరెంటు, చెదలమందు, ఫ్రేములు, మిద్దె కారితే మరమ్మతు. టికెట్టు మీద నిలిచే లెక్క ఇది కాదు. క్రినిత్సాలోలా పెద్ద సంస్థకు శాఖగా ఉండటమో, కాలేజీ పిల్లలు వచ్చి పనిచేయడమో, క్యాలెండరు అమ్మకమో తోడుండాలి. క్యాలెండరు అనగానే మళ్లీ కాపీరైట్ దగ్గరికి వస్తాం.

సంతకం లేని బొమ్మ

బోర్డు ఆర్టిస్టులు మూలన పెట్టే సంతకం చాలాసార్లు మనిషి పేరు కాదు, అంగడి పేరు: ఫలానా "ఆర్ట్స్". ఆ అంగట్లో ముగ్గురు కుర్రాళ్లు పనిచేసి ఉంటారు. గళ్లు ఒకరు గీశారు, ఆకాశం ఒకరు నింపారు, ముఖం పెద్దాయన వేశాడు. అలాంటప్పుడు అది ఎవరి బొమ్మ? కుర్రాళ్లు బతికి ఉన్నన్నాళ్లే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నికిఫోర్ నకిలీల గొడవ కూడా ఇక్కడి నుంచే పుట్టింది: వేసినప్పుడు ఎవరూ రాసిపెట్టలేదు.

అందుకే, నన్నడిగితే, భవనం కంటే ముందు పుట్టే మ్యూజియం ఒక పద్దు పుస్తకం. దానికి స్థలం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు, నలుగురు వారసులూ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. మన కల్పిత పెద్దాయన పుస్తకంలో ఒక పద్దు ఇలా ఉంటుంది:

సంఖ్య 17. సత్రం గోడ, కూర్మావతారం. ఎనామిల్, సున్నపు గోడ మీద. ఎత్తు నాలుగడుగులు, వెడల్పు మూడు. వేయించినవారు సత్రం వాళ్లు, ఒప్పందం లేదు. సంతకం లేదు. కింది ఎడమ మూల చెమ్మకు పెచ్చు లేచింది. ఫొటోలు మూడు తీశాం. తాబేలు వీపు మీది గళ్లు తాను నింపానని, ముఖం మాత్రం అన్న వేశాడని అప్పట్లో అంగట్లో పనిచేసినాయన చెప్పాడు. ఆయనకిప్పుడు డెబ్బై రెండేళ్లు. వచ్చే వారం మిగతా తొమ్మిది గురించి చెబుతానన్నాడు.